వడ్డించని భోజనం, చేయని మరమ్మతు: లాగ్‌క్యాప్-3 సేవల కాంట్రాక్టులో లెక్క ఎక్కడ తప్పింది

రైఫిల్ కొన్న బిల్లును ఆడిట్ చేయడం తేలిక. దాని మీద నంబరు ఉంటుంది, స్టోర్స్ రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంటుంది, అనుమానం వస్తే పదేళ్ల తర్వాతైనా వెళ్లి చూసుకోవచ్చు. మధ్యాహ్నం వడ్డించిన భోజనం సాయంత్రానికి ఉండదు. ఉతికిన బట్టలు, పోసిన నీళ్లు, మెకానిక్ డ్యూటీలో గడిపిన గంటలు కూడా అంతే. పని జరుగుతున్నప్పుడు ఎవరో ఒకరు లెక్క రాసుకోకపోతే ఆ తర్వాత ఏ ఆడిటరూ దాన్ని పట్టుకోలేడు. అమెరికా సైన్యం ఇరాక్ యుద్ధంలో వాడిన లాగ్‌క్యాప్-3 కాంట్రాక్టు దీనికి ఇప్పటికీ సరైన పాఠ్యాంశం. రికార్డు బయట ఉంది, ఆడిట్ నివేదికలు ఉన్నాయి, కోర్టు తీర్పులూ ఉన్నాయి.

కాంట్రాక్టు స్వరూపం

యుద్ధరంగంలో వంట, బస, లాండ్రీ, నీళ్లు, కరెంటు, ఇంధనం, వాహనాల మరమ్మతు వంటి పనులు ప్రైవేటు సంస్థలతో చేయించుకునేందుకు అమెరికా సైన్యం 1985లో లాగ్‌క్యాప్ పథకం పెట్టింది. మొదటి కాంట్రాక్టు 1992లో బ్రౌన్ అండ్ రూట్‌కు, రెండోది 1997లో డైన్‌కార్ప్‌కు దక్కాయి. మూడోది 2001 డిసెంబరులో కేబీఆర్‌కు వెళ్లింది. బ్రౌన్ అండ్ రూట్‌కు వారసురాలైన ఈ కంపెనీ అప్పటికి చమురు సేవల సంస్థ హాలిబర్టన్‌కు అనుబంధ సంస్థ. గడువు ఒక ఏడాది, ఆ పైన ఏటా ఒకటి చొప్పున తొమ్మిది పొడిగింపులు. సంతకం చేసేనాటికి ఇరాక్ యుద్ధం లేదు. చివరికి ఈ ఒక్క కాంట్రాక్టు మీద ఖర్చు 3,500 కోట్ల డాలర్లు దాటింది.

చెల్లింపు పద్ధతి అసలు ఖర్చు ప్లస్ ఫీజు. అయిన ఖర్చును ప్రభుత్వం తిరిగి ఇస్తుంది, దానికి తోడు ఖరారైన అంచనా ఖర్చు మీద 1 శాతం మూల ఫీజు, పనితీరు బాగుంటే మరో 2 శాతం దాకా అవార్డు ఫీజు. ఎంతమంది సైనికులు వస్తారో, ఎన్నాళ్లుంటారో ఎవరికీ తెలియని చోట ఫిక్స్‌డ్ రేటుకు ఏ కంపెనీ ముందుకు రాదు. అందుకే ఈ పద్ధతిని ఎంచుకోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ దీన్ని ఎంచుకున్న రోజే ప్రభుత్వం ఒక బాధ్యత నెత్తిన వేసుకుంటుంది. ఫిక్స్‌డ్ రేటులో దుబారా అయితే నష్టం కంపెనీది, ఇక్కడ ప్రభుత్వానిది. కాబట్టి తనిఖీ సిబ్బంది కాంట్రాక్టుతో పాటే పెరగాలి. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

ఎవరి పని ఏమిటో చెప్పుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. కాంట్రాక్టు మీద అధికారమంతా ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్ ఐలండ్ ఆర్సెనల్‌లో కూర్చున్న కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌ది. యుద్ధరంగంలో ఆయన తరఫున రోజువారీ వ్యవహారం చూసేది డీసీఎంఏ అనే రక్షణ కాంట్రాక్టుల నిర్వహణ సంస్థ. బిల్లులు, రేట్లు, కంపెనీ లెక్కల వ్యవస్థ పరిశీలించేది డీసీఏఏ అనే ఆడిట్ సంస్థ. ఇక వంటశాల గుమ్మం దగ్గరో, వర్క్‌షాప్‌లోనో నిలబడి పని జరిగిందా లేదా అని చూడాల్సింది సీఓఆర్, అంటే కాంట్రాక్టింగ్ ఆఫీసర్ ప్రతినిధి. ఈ నాలుగు అంచెల్లో డాలరు ఖర్చయ్యే చోట కళ్లతో చూసేది ఆఖరివాడొక్కడే. అతడు సాధారణంగా ఆ యూనిట్‌లోని సైనికుడు. అసలు డ్యూటీ వేరే ఉంటుంది, ఇది అదనం. యూనిట్ స్వదేశానికి వెళ్లిపోతే అతడూ వెళ్లిపోతాడు. కొత్త యూనిట్‌లో ఇంకొకరి పేరు మీద నియామక లేఖ వచ్చి, శిక్షణ అయ్యేదాకా ఆ కుర్చీ ఖాళీ.

మన ఇంజినీరింగ్ శాఖల్లో పనిచేసినవారికి ఈ లోటు వెంటనే తెలుస్తుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, జరిగిన పని కొలతలు రాసి, పైనున్న డీఈ వాటిని మళ్లీ కొలిచి సరిచూస్తే గాని బిల్లు కదలదు. లాగ్‌క్యాప్-3లో వోచర్లు ఉన్నాయి, ఇన్‌వాయిస్‌లు ఉన్నాయి, పేజీల కొద్దీ వివరణలున్నాయి. ఎం-బుక్ లాంటిది మాత్రం లేదు.

కేసు ఒకటి: అరిఫ్‌జాన్ భోజనశాల

కువైట్‌లోని క్యాంప్ అరిఫ్‌జాన్‌లో భోజనాలు పెట్టింది కేబీఆర్ కింద సబ్‌కాంట్రాక్టరుగా ఉన్న సౌదీ సంస్థ తమీమీ. 2003 జులైలో రోజుకు సగటున 42,042 భోజనాలకు బిల్లు పెట్టగా నిజంగా వడ్డించినవి 14,053 అని ఆడిటర్లు తేల్చినట్టు 2004 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. ఆ ఒక్క క్యాంపులో, నెలల వ్యవధిలో, అదనంగా వసూలైంది 1.6 కోట్ల డాలర్ల పైమాటే. పరిశీలన మిగతా భోజనశాలలకు పాకేసరికి వివాదంలో పడ్డ మొత్తం దాదాపు 20 కోట్ల డాలర్లకు చేరింది.

దీన్ని నేరుగా దొంగలెక్క అనేస్తే కేసు అర్థం కాదు. కంపెనీ వాదన ఇది: పని వివరణ పత్రంలో సైన్యం ఒక సంఖ్య ఇచ్చింది, అంతమందికి వండి సిద్ధంగా ఉండమంది. మేం సిద్ధంగా ఉన్నాం. తినడానికి ఎంతమంది వచ్చారన్నది మా చేతిలో లేదు. ఆడిటర్ల వాదన: బూట్లు గుమ్మం దాటితేనే లెక్క. తిన్న తలకే డబ్బు. రెండింటిలోనూ కొంత న్యాయముంది. వంటశాల టెంటు, జనరేటరు, ఫ్రీజరు, వంటవాళ్ల జీతాలు వెయ్యిమంది వచ్చినా ఐదువేలమంది వచ్చినా పెద్దగా మారవు. సరుకు, ప్లేట్లు, వడ్డన తలకింత చొప్పున మారతాయి. ఈ రెండు రకాల ఖర్చులనూ కలిపి రోజుకు ఇంతమంది, తలకింత అని ఒకే రేటులో పెట్టడమే అసలు పొరపాటు. తలల సంఖ్య ఊహకు, స్థిర ఖర్చు తలకు ముడిపడ్డాయి. ఊహ తప్పినంత మేరా బిల్లు తప్పింది.

సరిగా రాయాలంటే భోజనశాల రేటును రెండు ముక్కలు చేయాలి. సిద్ధంగా ఉన్నందుకు నెలకు ఇంత అని స్థిర మొత్తం ఒకటి. దాని మీద, వచ్చిన తలల సంఖ్యను శ్రేణులుగా విడగొట్టి, పైశ్రేణికి వెళ్లేకొద్దీ తగ్గే తలసరి రేటు రెండోది. క్యాంపు జనాభా మారితే ఏ శ్రేణిలోకి వెళ్లాలో ప్రతి నెలా కమాండరు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే పాత నెల వాస్తవ సంఖ్యే వర్తించాలి, పాత అంచనా కాదు. ఈ ఆఖరి వాక్యం కాంట్రాక్టులో లేకపోతే మిగతా ఏర్పాటంతా కూలుతుంది. ఎందుకంటే సంఖ్య తగ్గించమని అడగాల్సిన అవసరం కమాండరుకు ఎప్పుడూ అనిపించదు. భోజనం తక్కువైతే తిట్లు ఆయనకు, ఎక్కువైతే బిల్లు ఇంకెవరికో.

తలల లెక్కలోనూ మెలికలున్నాయి. ఇరాక్‌లో రోజుకు నాలుగు పూటలు వడ్డించేవారు, నాలుగోది అర్ధరాత్రి భోజనం. క్యాంపు బలాన్ని, అంటే ఉన్న మనుషుల సంఖ్యను, నాలుగుతో గుణించి బిల్లు వేస్తే అది కాగితం మీద సరిపోతుంది, నిజంలో సరిపోదు. రాత్రి డ్యూటీవాడు పొద్దున టిఫిన్‌కు రాడు, గస్తీకి వెళ్లినవాడు మధ్యాహ్నం ఉండడు. గుమ్మం దగ్గర క్లిక్కరు పట్టుకుని నిలబడ్డ మనిషి సబ్‌కాంట్రాక్టరు ఉద్యోగి అయితే ఆ సంఖ్యకు విలువ లేదు. మోర్టార్ దాడుల భయం ఉన్న చోట సైనికులను క్యూలో నిలబెట్టి సంతకాలు తీసుకోవడమూ కుదరదు. కాబట్టి ఒకే సంఖ్యను నమ్మకుండా మూడింటిని పక్కపక్కన పెట్టి చూడాలి: గుమ్మం లెక్క, ఆ రోజు యూనిట్ల బల నివేదిక, స్టోరు నుంచి జారీ అయిన సరుకు. తలకు ఇన్ని గ్రాముల మాంసం, ఇన్ని ప్లేట్లు అని వాడకం ప్రమాణం ఉంటుంది. పదివేల తలలు రాసి నాలుగువేల ప్లేట్లే జారీ అయి ఉంటే ఆ తేడాకు సంజాయిషీ చెప్పాల్సింది బిల్లు పెట్టినవాడు. ఈ పోలికకు గంట పడుతుంది. వారానికి ఒక పూట, ముందుగా చెప్పకుండా చేస్తే చాలు.

2005లో సైన్యం, కేబీఆర్ రాజీకి వచ్చాయి. వివాదంలో ఉన్న మొత్తంలో 5.5 కోట్ల డాలర్లు ప్రభుత్వం దగ్గరే ఉండిపోయాయి, మిగతాది కంపెనీకి వెళ్లింది. ఇదే కాలంలో కువైట్‌లో కేబీఆర్ కొనుగోళ్లు చూసిన ఉద్యోగులు కొందరు సబ్‌కాంట్రాక్టర్ల నుంచి ముడుపులు తీసుకున్నట్టు అమెరికా కోర్టుల్లో నేరం ఒప్పుకున్నారు. అసలు ఖర్చు ప్లస్ ఫీజు పద్ధతిలో సబ్‌కాంట్రాక్టు రేటు పెరిగితే ప్రధాన కాంట్రాక్టరు జేబుకు చిల్లు పడదు. బేరం ఆడే మనిషికి బేరం ఆడాల్సిన ఒత్తిడే లేని చోట ముడుపు దూరడానికి సందు దొరుకుతుంది. కువైట్‌లో భోజన సేవలను సైన్యం మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా కొనడం మొదలుపెట్టాక ఖర్చు తగ్గింది.

ఆ వంటశాలల్లో చెమటోడ్చినవారిలో భారత్, నేపాల్, శ్రీలంక, ఫిలిప్పీన్స్ నుంచి వెళ్లిన వారు వేలల్లో ఉన్నారు. తలకింత అని బిల్లులో పెరిగిన సొమ్ము వారి జీతాల్లోకి రాలేదన్న సంగతి ఆడిట్ చేసేవాళ్లు మరచిపోకూడదు. సబ్‌కాంట్రాక్టరు జీతాల షీటు అడిగితే, బిల్లులో చూపిన మనుషుల సంఖ్య నిజమో కాదో కూడా తేలుతుంది.

ఖరారు కాని ఆర్డర్లు

అసలు లొసుగు బిల్లు కన్నా ముందే ఉంది. పని వెంటనే మొదలవ్వాలి కాబట్టి ధర, పరిధి తేలకుండానే టాస్క్ ఆర్డరు, అంటే కాంట్రాక్టు కింద ఒక్కో పనికి విడిగా ఇచ్చే ఆదేశం, ఇచ్చేస్తారు. నిబంధనల ప్రకారం 180 రోజుల్లో దాన్ని ఖరారు చేయాలి. కానీ ఆ గడువును కంపెనీ సరైన ప్రతిపాదన ఇచ్చిన రోజు నుంచి లెక్కించుకునే వెసులుబాటు ఉంది. సైన్యం పని వివరణ మార్చితే ప్రతిపాదన మారుతుంది, గడువు జరుగుతుంది. ఇరాక్‌లోని బలగాలకు అండగా ఇచ్చిన 59వ టాస్క్ ఆర్డరు పని వివరణ ఏడాదిలోపే ఏడుసార్లు మారినట్టు జీఏఓ, అంటే మన కాగ్ లాంటి సంస్థ, 2004 జులై నివేదికలో చెప్పింది.

ఆలస్యం వల్ల జరిగే నష్టం ఫీజు లెక్కలో దాగి ఉంటుంది. ఫీజును నిజమైన ఖర్చు మీద వేయరు, ఖరారైన అంచనా ఖర్చు మీద వేస్తారు. దుబారా చేసిన కంపెనీకి అదనపు ఫీజు రాకూడదనే ఆ కట్టడి. అయితే పని ముప్పావు వంతు అయిపోయాక అంచనా ఖరారు చేస్తే, అప్పటికే అయిన ఖర్చే అంచనా అయి కూర్చుంటుంది. దుబారా మీద కూడా ఫీజు పడుతుంది.

దీనికి మందు నిబంధనల్లోనే ఉంది. ఖరారయ్యేదాకా చాలా రకాల ఖర్చుల్లో 85 శాతమే చెల్లించి, 15 శాతం ఆపవచ్చు. డబ్బు ఆగితే ప్రతిపాదన తొందరగా వస్తుంది. రాక్ ఐలండ్‌లో ఈ కాంట్రాక్టు చూసిన చార్ల్స్ స్మిత్ 2004లో ఈ మందే వాడబోయారు. 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుకు ఆధారాలు లేవంటూ దాన్ని ఆమోదించలేదు, 15 శాతం ఆపుతామన్నారు. ఆయన్ను ఆ బాధ్యత నుంచి తప్పించారు. ఆగస్టులో సైన్యం ఆపుతామని ప్రకటించి వెంటనే వెనక్కి తగ్గింది, 2005లో అసలు ఆపబోమని తేల్చింది. ఖర్చుల సమీక్షకు బయటి సంస్థను పెట్టుకుంది. డబ్బు ఆపితే బలగాలకు సేవలు దెబ్బతింటాయన్నది సైన్యం వాదన. ఆ భయం అబద్ధమని నేను అనను. కానీ ఒక్కడే కాంట్రాక్టరు ఉండి, అతడు లేకపోతే రాత్రికి భోజనం లేదనే స్థితిని రెండేళ్లపాటు కొనసాగనిచ్చాక, నిబంధన పుస్తకంలో ఉండి లాభం లేదు. 15 శాతం ఆపే ధైర్యం మొదటి ఆర్డరు 181వ రోజున కావాలి. ఆర్డర్లు పదుల్లో పేరుకుపోయాక అది సాధ్యం కాదు.

కేసు రెండు: బలద్ వర్క్‌షాప్

భోజనం కేసులో కనీసం ఎవరో తలలు లెక్కపెట్టారు. ఇరాక్‌లోని బలద్ స్థావరంలో సైనిక వాహనాల మరమ్మతు విషయంలో లెక్క కాగితాల్లోనే ఉంది, చదివినవారు లేరు. రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2010 మార్చిలో ఇచ్చిన నివేదిక 159వ టాస్క్ ఆర్డరు కింద 2008 సెప్టెంబరు నుంచి 2009 ఆగస్టు దాకా ఏడాది చూసింది. సైన్యం సొంత ప్రమాణం ప్రకారం మెకానిక్‌ల అందుబాటు గంటల్లో 85 శాతం పని మీద ఉండాలి. ఆ ఏడాదిలో ఏ నెలా అది 10 శాతం కూడా దాటలేదు. దాదాపు 50 లక్షల డాలర్ల ఖర్చులో 46 లక్షలు అక్కర్లేని సేవకు పోయాయి.

ఈ శాతం ఎలా తీస్తారో చూస్తే విషయం ఎంత తేలికో తెలుస్తుంది. ఉదాహరణకు 30 మంది మెకానిక్‌లు, రోజుకు 12 గంటలు, నెలకు 30 రోజులు: అందుబాటు గంటలు 10,800. వర్క్ ఆర్డర్ల మీద నమోదైన గంటలు 700 అనుకుందాం. వినియోగం ఆరున్నర శాతం. ఆ 700 గంటల పనిని 85 శాతం వినియోగంతో చేయడానికి 824 అందుబాటు గంటలు చాలు, అంటే ముగ్గురు మనుషులు. మిగతా 27 మంది జీతం, బస, భోజనం, విమానం ఖర్చు, వీటన్నిటి మీద ఓవర్‌హెడ్, దాని మీద ఫీజు ప్రభుత్వం భరిస్తోంది. కాగితం మీద చూడాల్సినవి రెండే అంకెలు: హాజరు గంటలు, వర్క్ ఆర్డరు గంటలు.

ఇక్కడ కంపెనీ గంటలు దాచలేదు. అడిగినంత మందిని పెట్టింది. ఎంతమంది కావాలో చెప్పాల్సింది సైన్యం, చెప్పాక మళ్లీ చూసుకోవాల్సిందీ సైన్యమే. ఆ సమీక్షకు పద్ధతి లేదు. తనిఖీ చేసేవాడి చెక్‌లిస్టులో షెడ్డు శుభ్రంగా ఉందా, పనిముట్లు ఉన్నాయా, భద్రతా బోర్డులు ఉన్నాయా అన్న ప్రశ్నలుంటాయి. వీళ్లకు పని ఉందా అన్న ప్రశ్న ఉండదు. అన్నిటికీ టిక్కు పడుతుంది. అమెరికా బలగాలు ఇరాక్ నుంచి తగ్గుతున్న 2009 చివరలో డీసీఏఏ ఇదే సంగతి పెద్ద స్థాయిలో చెప్పింది. సైనికుల సంఖ్యకు తగ్గట్టు కేబీఆర్ సిబ్బందిని తగ్గించకపోతే 2010 జనవరి నుంచి ఆగస్టు లోపల 19.3 కోట్ల డాలర్లు వృథా అవుతాయని లెక్కగట్టింది. కంపెనీ ఆ అంచనాను ఒప్పుకోలేదు.

డబ్బు కన్నా పెద్ద నష్టం

కరెంటు పనుల విషయంలో ఇదే లోపం ప్రాణాల మీదికి వచ్చింది. కొన్ని భవనాలకు పూర్తి నిర్వహణ, కొన్నింటికి ఫిర్యాదు వస్తేనే మరమ్మతు అని రెండు స్థాయులు పెట్టారు. రెండో రకంలో వైరింగును ముందుగా తనిఖీ చేసే బాధ్యత ఎవరి మీదా స్పష్టంగా పడలేదు. ఎర్తింగ్ లేని మోటార్ల వల్ల స్నానాల గదుల్లో షాక్ కొడుతోందని ఫిర్యాదులు వచ్చాయి. 2008 జనవరిలో బాగ్దాద్‌లోని రద్వానియా ప్రాంగణంలో ఒక సైనికుడు స్నానం చేస్తూ కరెంటు షాక్‌తో చనిపోయాడు. ఇరాక్‌లో విద్యుదాఘాతంతో జరిగిన 18 మరణాలను ఇన్‌స్పెక్టర్ జనరల్ పరిశీలించాల్సి వచ్చింది. డీసీఎంఏ దగ్గర కరెంటు పని తెలిసిన తనిఖీదారులు తగినంతగా లేరు. ఎర్తింగ్ చూడటం రానివాడు పని బాగుందని సంతకం చేస్తే ఆ సంతకానికి అర్థం లేదు. 2008 సెప్టెంబరులో డీసీఎంఏ కంపెనీకి మూడో స్థాయి, అంటే తీవ్రమైన లోపాలకు ఇచ్చే, దిద్దుబాటు నోటీసు ఇచ్చింది. 2008 తొలి నాలుగు నెలలకు ఇరాక్ పనుల మీద అవార్డు ఫీజు ఇవ్వబోమని సైన్యం చెప్పింది 2010 ఫిబ్రవరిలో. ఫీజు కోత రెండేళ్లు ఆలస్యమైతే అది శిక్షగా మిగులుతుంది తప్ప, ఆ రోజు ఆ మోటారుకు ఎర్తింగ్ వేయించలేదు.

మనుషుల కొరత

2007లో గాన్స్‌లర్ కమిషన్ సైన్యం కాంట్రాక్టింగ్ విభాగాన్ని పరిశీలించి, పని ఏడు రెట్లు పెరిగినా సిబ్బంది పెరగలేదని, ఆ విభాగంలో యూనిఫాంలో ఉన్నవారు 3 శాతమేనని చెప్పింది. 2008లో ఆర్మీ కాంట్రాక్టింగ్ కమాండ్ ఏర్పడింది. అదే ఏడాది ఏప్రిల్‌లో లాగ్‌క్యాప్-4ను కేబీఆర్, డైన్‌కార్ప్, ఫ్లూర్ మూడింటికీ ఇచ్చారు, ప్రతి టాస్క్ ఆర్డరుకు ఆ మూడూ పోటీ పడాలి. అయినా ఇరాక్‌లో బలగాల ఉపసంహరణ మధ్యలో కాంట్రాక్టరు మారితే చిక్కని 2010లో పాత కాంట్రాక్టునే అక్కడ కొనసాగించారు. కాంగ్రెస్ వేసిన యుద్ధకాల కాంట్రాక్టుల కమిషన్ 2011 ఆగస్టు తుది నివేదికలో ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో వృథా, మోసాల వల్ల పోయింది 3,100 కోట్ల నుంచి 6,000 కోట్ల డాలర్లని అంచనా వేసింది.

టాస్క్ ఆర్డరు ఫైలు చేతికొస్తే

బిల్లులతో మొదలుపెట్టకండి. ముందు అవసరం ఎవరు రాశారో, ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో, చివరిసారి ఎప్పుడు సవరించారో చూడండి. ఆరు నెలలుగా మారకుండా ఉంటే యూనిట్ల బల నివేదికతో పోల్చండి. తర్వాత ఆర్డరు ఇచ్చిన తేదీ, ఖరారైన తేదీ, మధ్యలో ఖర్చైన శాతం. సగం దాటాక ఖరారై ఉంటే ఫీజు లెక్క మళ్లీ వేయించండి. ప్రభుత్వం సొంతంగా వేసుకున్న అంచనా, కంపెనీ ప్రతిపాదన మరీ దగ్గరగా ఉంటే అంచనా ఎవరి అంకెలతో తయారైందో అడగండి. ఆ తర్వాత సీఓఆర్ నియామక లేఖ: పేరు, తేదీ, శిక్షణ, దిగిపోయిన తేదీ, తర్వాతివారు చేరిన తేదీ. మధ్యలో ఖాళీ ఉన్న నెలల్లో నెలవారీ నివేదికలు కూడా ఉన్నాయంటే వాటిని ఎవరు రాశారో తేల్చాలి. అప్పుడు బిల్లు. ప్రతి బిల్లుకూ ఒకటే ప్రశ్న: ఇందులోని సంఖ్యను కంపెనీ జీతం తీసుకోని మనిషి ఎవరైనా లెక్కపెట్టారా? లేదంటే ఆ మొత్తాన్ని నిలిపివేత నోటీసులో పెట్టండి. కారణం ఒక పేరాలో రాయండి, ఏ కాగితం తెస్తే విడుదల చేస్తారో అదే నోటీసులో చెప్పండి. కారణం చెప్పని నిలిపివేత పై అధికారి ఒక్క ఫోనుతో ఎత్తేస్తాడు.

అలా నిలిపిన మొత్తం కోర్టులో నిలబడుతుందా అన్న సందేహానికి జవాబు బలద్ భోజనశాల వ్యాజ్యంలో దొరికింది. క్యాంప్ అనకొండ అని పిలిచే అదే స్థావరంలో తమీమీకి చెల్లించిన ధరలు అసమంజసమని ప్రభుత్వం డబ్బు ఆపింది. దాదాపు 4.1 కోట్ల డాలర్లు ఇవ్వాలని కేబీఆర్ కోరగా, ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు 2012లో సుమారు 1.18 కోట్లు మాత్రమే ఇచ్చింది. 2013లో అప్పీళ్ల కోర్టు దాన్ని సమర్థించింది. ఖర్చు పెట్టామని చూపితే చాలదు, అది సమంజసమని కంపెనీయే రుజువు చేయాలన్నది అక్కడ నిలిచిన సూత్రం. ఆ భోజనాలు వడ్డించి అప్పటికి దాదాపు పదేళ్లు.